అదనూ పదునూ: మన నుంచి మనం ఎంత ఆశించాలి?

ఏప్రిల్ వచ్చిందంటే బెంగళూరులో చాలా ఆఫీసుల్లో అప్రైజల్ ఫారాలు తెరుచుకుంటాయి. మారతహళ్ళిలోనో బెళ్ళందూరులోనో ఉంటున్న తెలుగు కుటుంబాల మీద ఇంచుమించు అదే సమయంలో స్కూలు ఫీజులు, అద్దె పెంపు, ఊళ్ళో అమ్మానాన్నల వైద్యపరీక్షలు కూడా వచ్చి పడతాయి. 'ఈ ఏడాది లక్ష్యాలు' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి చాలామంది పోయిన ఏడాది రాసినదానికే ఇంకొంచెం కలిపి రాస్తారు. ఈ రెండేళ్ళ మధ్య ఇంట్లో ఏం మారిందో ఆ గడి అడగదు. మనమూ అడుక్కోం.

పైగా వినబడే సలహాలు రెండు వైపులకు లాగుతున్నాయి. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట బయటికొచ్చింది. రెండుసార్లూ దేశమంతా వాదోపవాదాలు నడిచాయి. మరోవైపు 'ఒత్తిడి పెట్టుకోకు, వదిలెయ్' అనే సలహా ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తుంది. ఎవరికి, ఏ దశలో, ఎంతకాలం అన్న ప్రశ్న మాత్రం ఈ రెండు వైపులవాళ్ళూ వేయరు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఒకే మూటలో కట్టేసిన నాలుగు సంగతులు

'నా మీద నాకు చాలా ఎక్స్‌పెక్టేషన్స్ ఉన్నాయి' అని మనం అనే మాటలో నాలుగు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. విడదీసి చూస్తే సగం చిక్కు అక్కడే వీడుతుంది.

ఎప్పటికైనా కావాలనుకునేది ఆశ. 'ఎప్పటికైనా సొంతంగా ఏదైనా పెట్టాలి' అన్నది ఆశే, దానికి గడువు ఉండదు. గడువూ కొలతా పెట్టుకుంటే అది లక్ష్యం: 'డిసెంబరులోపు ఈ సర్టిఫికేషన్ పూర్తిచేయాలి'. ఇతరులకు ఇచ్చిన మాట బాధ్యత. ఈఎంఐ, బిడ్డ ఆకలి, జీతం తీసుకుంటున్నందుకు చేయాల్సిన పని ఇందులోకి వస్తాయి. నాలుగోది అంచనా. ఈ రోజు, ఈ వారం నేను ఇంత చేయగలను, చేసి తీరాలి అని మనసు లోలోపల వేసుకునే లెక్క అది. దాన్ని పైకి అనం, ఎక్కడా రాసుకోం. కానీ రాత్రి పడుకునేటప్పుడు మనకు మార్కులు వేసేది అదే.

పరిస్థితి మారినప్పుడు ముందుగా మారాల్సింది ఈ నాలుగోదే. అంచనా తగ్గిస్తే ఆశ చచ్చిపోతుందేమోనన్న భయంతో చాలామంది దాన్ని ముట్టుకోరు. చివరికి కోత బాధ్యతల మీద పడుతుంది, లేదంటే నిద్ర మీద.

ఏది తప్పినందుకు బాధపడుతున్నామో బాధ రంగును బట్టి కొంత పోల్చుకోవచ్చు. మనస్తత్వ శాస్త్రవేత్త టోరీ హిగ్గిన్స్ 1987లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఇలా ఉండాలని మనం ఆశపడే రూపానికి దూరమైతే నిరుత్సాహం వస్తుందనీ, ఇలా ఉండి తీరాలని కట్టుబడ్డ రూపానికి దూరమైతే ఆందోళన వస్తుందనీ దాని సారం. మన భాషలో మొదటిది దిగులు, రెండోది గుబులు. ఆదివారం సాయంత్రం పట్టుకునేది దిగులా, గుబులా అని చూసుకుంటే కొరత ఆశ వైపు ఉందో బాధ్యత వైపు ఉందో కొంతవరకు తెలుస్తుంది.

అదను అంటే వయసు కాదు

'జీవితంలో దశ' అనగానే బాల్యం, యౌవనం, వార్ధక్యం గుర్తొస్తాయి. ఇక్కడ ఆ అర్థం సరిపోదు. 29 ఏళ్ళ ఇద్దరు ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పూర్తిగా వేరే దశల్లో ఉండవచ్చు. మన సేద్యం మాటలు ఇక్కడ బాగా అతుకుతాయి. విత్తడానికి తగిన సమయం అదను. విత్తనం మొలవడానికి నేలలో ఉన్న తడి పదును. రైతు రెండూ చూస్తాడు.

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ వర్షాధారంగా వేస్తారు. జూన్, జూలైల్లో వాన పడితే విత్తుతారు. వాన ఆగస్టు దాకా రాకపోతే ఆలస్యంగా వేసిన వేరుశనగ కాయ ఊరే వేళకి బెట్టకు చిక్కుతుంది. అందుకే ఉలవలు, కొర్ర లాంటి ప్రత్యామ్నాయ పంటలకు మారతారు. ఉలవలు చల్లిన రైతును ఎవరూ సోమరి అనరు. ఆ ఏడాది ఉన్న తడికి అది సరైన పంట. వచ్చే ఏడాది సకాలంలో వాన పడితే అదే చేలో మళ్ళీ వేరుశనగ వేస్తాడు.

మన విషయంలో అదను అంటే మీద పడ్డ బరువూ, అది ఉండే కాలమూ: పసిబిడ్డ, కొత్త ఉద్యోగం, ప్రమోషన్, ఇంట్లో ఆపరేషన్, పరీక్షల ఏడాది. పదును అంటే ఈ క్షణాన ఒంట్లో, మనసులో, చేతి డబ్బులో ఉన్న ఓపిక. రెంటినీ కలిపి చూడకుండా వేసిన అంచనా ఎంత నిజాయితీగా వేసినా తప్పుతుంది.

168 గంటలు: ఒక ఇంటి లెక్క

మారతహళ్ళిలో ఉంటూ ప్రసూతి సెలవు ముగించుకుని ఆఫీసుకు తిరిగొస్తున్న ఒక తల్లిని ఊహించుకుందాం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో కూడిన సెలవు 26 వారాలైంది. అందులో గరిష్ఠంగా 8 వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్నవారు తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు 18 వారాలు మాత్రమే. మొదటి ఆరు నెలలు తల్లిపాలే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సెలవు అయిపోయినా పాలు పట్టే బాధ్యత పూర్తిగా మిగిలే ఉంటుంది.

వారానికి 168 గంటలు. బిడ్డ పుట్టకముందు ఆమె లెక్క ఇలా ఉండేది: నిద్ర రోజుకు 7 చొప్పున 49, ఆఫీసు పని 45, వారానికి మూడు రోజులు ఔటర్ రింగ్ రోడ్డు మీద రానూపోనూ మూడేసి గంటలు కలిపి 9, వంట, స్నానం, భోజనం, బట్టలు రోజుకు 3 చొప్పున 21. మొత్తం 124. మిగిలినవి 44 గంటలు. జిమ్, చదువు, సినిమా, ఊరికి ఫోన్లు అన్నీ అందులో పట్టేవి.

ఇప్పుడు పగలు అమ్మమ్మో క్రెష్షో చూసుకుంటున్నా ఆఫీసు వేళలు కాని సమయంలో బిడ్డ పని రోజుకు 6 గంటలు, శని ఆదివారాల్లో పదేసి అనుకుందాం. అది 50. మిగిలి ఉన్న 44 లోంచి 50 తీస్తే మైనస్ 6. ఇంకా ఆమె తన కోసం ఒక్క పని మొదలుపెట్టనే లేదు. మనసులోని పాత అంచనా మాత్రం కదల్లేదు: జిమ్ 5 గంటలు, సర్టిఫికేషన్ చదువు 6, పుస్తకాలు 4, కలిపి 15. ఆ 15కి ఈ 6 కలిపితే లోటు 21 గంటలు, అంటే రోజుకు 3. ఆ మూడూ ఎక్కడి నుంచి వస్తాయి? 7 గంటల నిద్ర 4 అవుతుంది. లేదా చదువు జరగదు, 'నేను పనికిరాను' అన్న తీర్పు మిగులుతుంది. లోటు ఉన్నది గంటల్లో. తీర్పు పడుతున్నది మనిషి మీద. నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే.

ఇదే లెక్కను సరిచేసి చూద్దాం. బిడ్డ పనిలో తండ్రి పనిరోజుల్లో 2, వారాంతంలో రోజుకు 4 గంటలు తీసుకుంటే 18 గంటలు తగ్గుతాయి. మైనస్ 6 కాస్తా ప్లస్ 12 అవుతుంది. వారంలో కొన్ని పూటలు కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుంటే ఇంకో 4 మిగిలి 16 అవుతాయి. ఆ 16నూ నింపేస్తే మళ్ళీ పాత కథే. టీకా తర్వాత జ్వరం, సెలవు పెట్టిన ఆయా, సిల్క్ బోర్డు కూడలి దగ్గర వాన ఎలాగూ వస్తాయి. సగం వాటికి వదిలేస్తే చేతిలో 8. అందులో రోజుకు అరగంట చొప్పున ఐదు రోజుల నడకకు రెండున్నర, చదువుకు మూడు. మిగతా రెండున్నర ఊపిరి తీసుకోవడానికి. వారానికి 6 గంటలు కావాల్సిన చదువు 3తో నడిస్తే సర్టిఫికేషన్‌కు రెట్టింపు కాలం పడుతుంది. ఆశ మారలేదు, లక్ష్యం తేదీ మారింది, అంచనా 15 గంటల నుంచి ఐదున్నరకు తగ్గింది, బాధ్యతల్లో ఒకటి ఇద్దరి మధ్య సర్దుకుంది.

లెక్క తప్పడం వెనక కారణాలు

మొదటిది బాగా పరిశీలించిన సంగతి. చేయబోయే పనికి పట్టే సమయాన్ని మనిషి తక్కువగా ఊహిస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ఎత్తిచూపారు. 1994లో రోజర్ బ్యూలర్, సహచరులు ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే 48.6 రోజులన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే అని వేసుకున్న అంచనా కూడా చాల్లేదు. మామూలు రోజుల్లోనే ఇంత తేడా ఉంటే నిద్ర చాలని రోజుల్లో ఎంత ఉంటుందో ఊహించవచ్చు.

రెండోది కొలబద్ద ఎంపిక. పోల్చుకునేటప్పుడు మనం మన సగటు ఏడాదిని తీసుకోం. పీజీలో ఉంటూ, వండిపెట్టేవాళ్ళు ఉండి, ఎవరి బాధ్యతా లేని ఆ ఒక్క మంచి ఏడాదిని ప్రమాణంగా పెట్టుకుంటాం. ఆ ఏడాది ఎన్నో చేతులు కనబడకుండా మోసిన బరువు గుర్తుకు రాదు.

మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే దీన్ని భాగహారంగా చెప్పాడు: ఆత్మగౌరవం అంటే సాధించినదాన్ని, సాధించాలనుకున్నదానితో భాగించగా వచ్చేది. పై అంకె పెంచవచ్చు, కింది అంకె తగ్గించవచ్చు. వారానికి ఐదు రోజుల వ్యాయామం అనుకుని రెండు రోజులు చేస్తే ఐదింట రెండు. రెండే అనుకుని రెండూ చేస్తే ఒకటి. ఒంటికి అందిన వ్యాయామం రెండు చోట్లా ఒకటే. మూడో వారం మళ్ళీ బూట్లు వేసుకునే అవకాశం మాత్రం రెండో మనిషికే ఎక్కువ.

కొన్నిసార్లు తగ్గించాలి, కొన్నిసార్లు కొలబద్దనే మార్చాలి

వయసుతో ఓపిక తగ్గినవాళ్ళు ఎలా నెగ్గుకొస్తారో వివరిస్తూ పాల్, మార్గరెట్ బాల్టెస్ దంపతులు 1990లో మూడు కదలికలు చెప్పారు: ఎంపిక, సాన, భర్తీ. వాళ్ళు చూపిన ఉదాహరణ వృద్ధాప్యంలోనూ కచేరీలు చేసిన పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్. ఆయన వాయించే రచనల సంఖ్య తగ్గించుకున్నాడు. ఉన్నవాటిని ఎక్కువ సాధన చేశాడు. వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కొంచెం నెమ్మదించేవాడు, దాంతో తర్వాతి భాగం వేగంగా వినిపించేది. ముసలితనానికి చెప్పిన ఈ పద్ధతి ఓపిక తగ్గిన ఏ దశకైనా పనికొస్తుందని నా అభిప్రాయం.

కొత్తగా టీమ్ లీడ్ అయినవారి చిక్కు ఇంకో రకం. మొన్నటిదాకా 45 గంటల్లో 30 కోడింగ్, 15 మీటింగులు. ఇప్పుడు మీటింగులే 20, ఇతరుల కోడ్ చూడటానికి 8, టీమ్‌వాళ్ళతో విడివిడి మాటలకూ ఇంటర్వ్యూలకూ 6. కోడింగ్‌కు మిగిలేది 11. 'రోజంతా కోడ్ రాస్తేనే పని చేసినట్టు' అన్న పాత అంచనా అలాగే ఉంటే తక్కువపడ్డ 19 గంటలు రాత్రుల్లోంచీ శనివారాల్లోంచీ తీస్తారు. అలసటతో రివ్యూలు ఆలస్యమవుతాయి. ఐదుగురు టీమ్‌లో ఒక రోజు ఆలస్యం ఐదుగురినీ ఆపుతుంది. ఇక్కడ 30ని 11కి తగ్గించుకుంటే సగమే పరిష్కారం. 'టీమ్‌లో ఎవరైనా ఒకే చోట రెండు రోజులకు మించి ఇరుక్కుపోయారా' అన్నది కొత్త కొలబద్ద అవ్వాలి. అది కంటికి ఆనేంతవరకు మొదటి కొన్ని నెలలు ఏమీ చేయట్లేదన్న భావన ఉంటుంది.

అంచనా తగ్గిస్తే సోమరితనం రాదా?

ఈ అనుమానానికి బలమైన ఆధారమే ఉంది. లక్ష్యాల మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ చేసిన దశాబ్దాల పరిశోధన తేల్చింది ఇది: 'చేతనైనంత చెయ్' అని వదిలేసినప్పటికన్నా స్పష్టమైన, కష్టమైన లక్ష్యం ఇచ్చినప్పుడు మనుషులు మెరుగ్గా చేస్తారు. కష్టపడకుండా ఎదిగినవాళ్ళు ఎవరని అడిగే పెద్దల మాటను తోసిపుచ్చలేం. బరువు ఏమీ లేని ఏడాదిలో కూడా 'నా దశ ఇంతే' అని తప్పించుకోవడం జరిగే పనే.

అయితే అదే పరిశోధన కొన్ని షరతులు కూడా చెబుతుంది. మనిషికి ఆ పని చేసే సామర్థ్యం, పని మీద నిబద్ధత ఉండాలి. పని కొత్తదీ జటిలమైనదీ అయితే ఫలితాల లక్ష్యం కన్నా నేర్చుకునే లక్ష్యం మేలు. కార్స్టెన్ రాష్, సహచరులు 2003లో ఇంకో వైపు చూపించారు: చేరలేని లక్ష్యాన్ని వదలగలిగి, దాని స్థానంలో వేరొకటి పట్టుకోగలిగినవారు మానసికంగా మెరుగ్గా ఉన్నారు. ఇందులో రెండో సగం ముఖ్యం. రెండు వాదాలనూ పక్కపక్కన పెడితే గొడవ పెద్దగా లేదు. లక్ష్యం స్పష్టంగా, కొంచెం కష్టంగా ఉండాలి, కానీ ఆ కష్టాన్ని కొలవాల్సింది ఇప్పుడున్న పదును మీద. పైన చెప్పిన తల్లికి వారానికి మూడు గంటల చదువు తేలికేమీ కాదు.

ఎప్పటికి ముగుస్తుందో తెలియని దశ

పసిబిడ్డ పెరుగుతుంది, కొత్త ఉద్యోగం పాతబడుతుంది. కొన్నిటికి అలాంటి గడువు లేదు. కిడ్నీలు దెబ్బతిన్న తండ్రిని అనంతపురం నుంచి బెంగళూరు తెచ్చుకున్న కుటుంబాన్ని తీసుకోండి. హీమోడయాలిసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. ప్రయాణం, సూదులు పెట్టడం, తీశాక రక్తం ఆగేదాకా కూర్చోవడం కలిపితే ఆరు గంటలవుతుంది. వారానికి 18. ఆ నాలుగు గంటలూ పక్కన ల్యాప్‌టాప్ తెరుచుకోవచ్చని మొదట అనిపిస్తుంది. డయాలిసిస్ మధ్యలో బీపీ పడిపోవడం మామూలే, అప్పుడు ధ్యాస అంతా అటే. ఆ గంటల్ని పూర్తి పని గంటలుగా లెక్కేసుకున్నవారు ప్రతివారం వెనకబడతారు.

ఇలాంటి దశలో 'ఇది అయిపోయాక చూద్దాం' అనేదే అతిపెద్ద పొరపాటు, ఎందుకంటే అది అయిపోవాలని ఎవరూ కోరుకోరు. ముగింపు తేదీ లేనప్పుడు సమీక్ష తేదీ పెట్టుకోవడం ఒక దారి. ఆరు వారాలకోసారి కూర్చుని బరువు పెరిగిందా, ఓపిక తగ్గిందా చూసుకుంటారు. అంచనాను ఒక్క అంకెగా కాక మూడుగా పెట్టుకోవడం ఇంకోటి: గడ్డు వారం ఒక గంట చదువు, మామూలు వారం మూడు, తెరిపి వారం ఆరు. గడ్డు వారంలో ఒక గంట చదివినవారు అనుకున్నది చేసినట్టే.

సర్దుబాటుకీ సర్దుకుపోవడానికీ తేడా

'సర్దుకుపోవాలమ్మా' అన్న మాట మన ఇళ్ళలో ఎవరితో అంటారో అందరికీ తెలుసు. జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసినవారిలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు ఆ పని చేసినవారే ఆడవాళ్ళలో 81.2 శాతం, మగవాళ్ళలో 26.1 శాతం. అందుకే దశను బట్టి అంచనాలు మార్చుకోవాలన్న సలహా ఒక్కరికే చెబితే, పంచుకోవాల్సిన బరువును ఒకరి నెత్తిన శాశ్వతం చేయడానికి అది తెలివైన పేరు అవుతుంది. పై లెక్కలో తండ్రి తీసుకున్న 18 గంటలు లేకపోతే తల్లి ఎంత తగ్గించుకున్నా లోటు తీరదు. ఎవరి అంచనా ఎంత తగ్గింది, ఎప్పటిదాకా అన్నది ఇద్దరి ముందూ కాగితం మీద ఉంటే అది సర్దుబాటు.

డబ్బు సంగతీ ఉంది. గంటల లెక్కన, డెలివరీల లెక్కన సంపాదించేవారికి పని తగ్గించుకోవడమంటే ఆదాయం తగ్గడమే. ఈఎంఐ పదును చూడదు. వారి విషయంలో ముందు కదలాల్సింది ఖర్చు, ఆ తర్వాత గంటలు.

ఆఫీసుకు చెప్పాల్సినదీ, చట్టం ఇచ్చేదీ

మనసులో అంచనా తగ్గించుకుని ఫారంలో పాత లక్ష్యాలు అలాగే ఉంచితే ఏడాది చివర రేటింగ్ పాత కాగితాన్ని బట్టే వస్తుంది. మారిన విషయాన్ని అక్టోబరు మధ్యంతర సమీక్ష దాకా దాచకుండా, తగ్గించేది ఏది, ఎంత, ఎప్పటిదాకా అని మూడు ముక్కల్లో మెయిల్ పెట్టినవారికి మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. 'కొంచెం బిజీగా ఉన్నాను' అన్న మాటకు విలువ ఉండదు. 'తొలి త్రైమాసికంలో రెండు మాడ్యూళ్ళకు బదులు ఒకటి, జూలైలో మళ్ళీ చూద్దాం' అన్నదానికి ఉంటుంది. చట్టం ఇచ్చినవి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు పాల విరామాలు, 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్, అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్ళే వీలు అందులో ఉన్నాయి.

దశ అనుకుని దాటవేయకూడనిది

అంచనాలు తగ్గించి, బరువు పంచుకుని, నిద్రకు సమయం దొరికాక కూడా అలసట అలాగే ఉంటే అది గంటల సమస్య కాకపోవచ్చు. కాన్పు తర్వాత రక్తహీనత, థైరాయిడ్ తేడాలు ఒంట్లో శక్తి తీసేస్తాయి, మామూలు రక్తపరీక్షల్లో బయటపడతాయి. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైన పనిమీద కూడా ఆసక్తి పోవడం డిప్రెషన్ లక్షణాలు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది. దానికి కేంద్ర సంస్థ బెంగళూరులోని నిమ్హాన్సే.